సూది లోపలికి పోయిందన్నాను

నా భయం వల్ల ఒక ఆదివారం పొద్దున పటాన్‌చెరు బజారంతా ఒక టాంగా వెనక నడిచింది. మా ఆయన పరువు ఆ రోజే పోయింది. తప్పు మాత్రం నాదే. వినండి, నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

డెబ్బైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు, ఎనిమిదో నెల. మా ఆయన కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో గుమాస్తా. హసీనా ఖాలా ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అంతకు ముందు ఏడాది నాకు మూడో నెలలోనే కడుపు పోయింది. అందుకని ఈసారి తుమ్మాలన్నా భయపడేదాన్ని.

సరిగ్గా అప్పుడే నొప్పి మొదలైంది. అదీ ఎవరికీ చెప్పుకోలేని చోట, పొత్తికడుపు కింద, రెండు కాళ్లు కలిసే ఎముకలో. మంచం మీద పక్కకు తిరిగితే రంపంతో కోస్తున్నట్టుండేది. గడప దాటడానికి కాలెత్తితే కళ్లలో నీళ్లు. నడకేమో బాతు నడక. అయినా నోరు విప్పలేదు. చెబితే ఇది కూడా పోయిందంటారేమోనని. మీరైతే చెప్పేవాళ్లే, తెలివిగలవాళ్లు.

భయానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, క్రోషియా అల్లిక. చేతులు ఆడినంతసేపు భయం ఊరుకునేది. చాప మీద కూర్చోలేను కాబట్టి మంచం మీద పక్కకు పడుకుని, మోకాళ్ల మధ్య దిండు ఇరికించుకుని, ఉన్ని ఉండను పొట్టకు ఆనించుకుని అల్లేదాన్ని. అప్పటికి పదకొండు టోపీలయ్యాయి. పుట్టబోయే బిడ్డకు తల ఒక్కటే ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ ఆదివారం అల్లుతూనే నిద్రపోయాను. లేచి చూస్తే టోపీ ఉంది, ఉండ ఉంది, సూది లేదు. వెతుకుదామని పక్కకు తిరిగాను. ఎముకలో కసుక్కున పొడిచింది. అంతే, నాకంతా అర్థమైపోయింది.

"ఖాలా," అని అరిచాను. "సూది లోపలికి పోయింది."

హసీనా ఖాలా పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "కదలకు బిడ్డా. భానూర్‌ల ఒకామెకు కాల్ల దిగిన సూది భుజంల తేలింది. నువ్వు కదిల్తే అది నడుస్తది."

నేను కట్టెలా బిగుసుకుపోయాను. సూది ఎటు నడుస్తోందో, బిడ్డ తల ఎటు ఉందో తెలియక రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను. అరుపు విని మా ఆయన స్నానాల గదిలోంచి వచ్చాడు, ఎడమ చెయ్యి నడుముకు అదిమి పెట్టుకుని.

"ఏమైంది?"

"సూది లోపలికి పోయింది," అంది ఖాలా. "జల్దీ టాంగా తీస్కరా."

ఒంటి చేత్తోనే టాంగా ఆపాడు, ఒంటి చేత్తోనే నన్ను ఎక్కించాడు. రెండో చెయ్యి నడుం వదల్లేదు. పాపం, నన్ను చూసి ఈయన కడుపు తరుక్కుపోతోంది అనుకున్నాను. ఖాలా నా పక్కన ఎక్కింది, టాంగా వెనక జనం.

"ఏంది, నొప్పులా?"

"కాదు, సూది మింగిందంట."

దవాఖానాలో డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తెర లాగి అడిగింది. "ఏ సూది? బట్టలు కుట్టేదా?"

"కాదమ్మా, అల్లికది. జానెడు ఉంటది, కొసకు కొక్కెం."

తెర అవతల మా ఆయన దగ్గాడు. "కొక్కెందా? నేను బట్టలు కుట్టే సూది అనుకున్న. కొక్కెందైతే నాతాన ఉంది."

"నీతాన ఎందుకుంది?" అన్నాను.

"పైజామా నాడా ఊడొచ్చింది. నువ్వు పండుకున్నవ్ గదా అని దాంతోటి ఎక్కిస్తున్న. సగం దాకా పోయినంక నువ్వు ఒర్లినవ్. ఇగ అట్లనే వచ్చిన."

నడుం పట్టీలోంచి సూదిని లాగి, తెర సందులోంచి అందించాడు. ఖాలా కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"మరి నొప్పి ఎన్ని దినాల సంది?"

"పదిహేను దినాలు."

"ఎందుకు చెప్పలే?"

"పోయినసారి లెక్కనే అయితదేమోనని భయమైంది."

ఆమె నా పొట్ట మీద గొట్టం పెట్టి చెవి ఆనించింది. చాలాసేపు విన్నది.

"గుండె మంచిగ కొట్టుకుంటుంది," అంది. "బిడ్డకు తొవ్వ కావాలె గదా, ఎముకల కీళ్లు వదులైతయి. కొందరికి గట్లనే బాగ నొస్తది. పక్కకు తిరిగేటప్పుడు మోకాళ్లు దగ్గర పెట్టుకో. కూసొని బట్టలు కట్టుకో. అల్లుకో, కాని కుర్చీల కూసొని అల్లుకో. మధ్యమధ్యల లేస్తుండు."

అప్పుడు ఏడ్చాను. పదిహేను రోజులు దాచిపెట్టిన ఏడుపు, బల్ల మీది దుప్పటి తడిసేదాకా.

బయట టాంగా అతను అడిగాడు. "సూది దొరికిందా అమ్మా?"

"దొరికింది," అంది ఖాలా. "సారు నడుముల."

ఆ ముక్క మాకంటే ముందు ఊరంతా తిరిగింది. మర్నాడు ఫ్యాక్టరీలో అందరూ మా ఆయనను ఆపరేషన్ ఎట్లయిందని పరామర్శించారు. ఉత్తరాది ఫోర్‌మన్ ఒకాయన కుర్చీ తెప్పించి, వారం దాకా నిలబడొద్దన్నాడట.

నెలన్నరకు ఆడపిల్ల పుట్టింది, కేకలు వేస్తూ, నిక్షేపంగా. నొప్పి కూడా మెల్లమెల్లగా సెలవు తీసుకుంది. ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని నేను ఘనంగా ఒట్టు వేశాను: ఇకమీదట ఎక్కడ నొప్పి వచ్చినా, అది ఎంత చెప్పుకోలేని చోటైనా, మొదటి రోజే చెబుతాను, మగవాళ్ల నడుములు సోదా చేయకుండా ఏ సూది మీదా నేరం మోపను. మా ఆయన కూడా పక్కన నిలబడి ఒట్టు వేశాడు. ఆనాటి నుంచి ఇంట్లో ఆయన లుంగీ తప్ప కట్టలేదు.