మూడోసారి అడిగేదాకా ఆగు

సూర్యాపేటలో వెంకటేశం ఉండే వాడకట్టులో ఎవరి పిల్లలైనా పరాయి దేశం పోతున్నారంటే, పెట్టె సర్దడం మొదలుపెట్టకముందే ఆయన ఆ ఇంట్లో ప్రత్యక్షమవుతాడు. పిలవాల్సిన పని లేదు. కుర్చీ తనే లాక్కుని కూర్చుని, పరాయి ఊర్లో ఎక్కడ తినాలో, సెలవు రోజు ఎట్లా గడపాలో చెప్పడం మొదలుపెడతాడు. ఆయన మాత్రం ఏ దేశమూ పోలేదు. బస్సు కండక్టర్‌గా సర్వీసంతా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీదనే అరిగిపోయింది. ఆయన దాటిన అతి పెద్ద సరిహద్దు కోదాడ అవతలి చెక్‌పోస్టు. అయినా ఆయన ధీమా చూస్తే విమానాలు కూడా ఈయన విజిల్ వేస్తేనే లేస్తాయేమో అనిపిస్తుంది.

ఆయన ఇంటి మేడ మీద శాంతమ్మ కిరాయికి ఉంటుంది. మేళ్లచెరువు నుంచి అంగన్‌వాడీ టీచర్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడింది. భర్త లేడు. ఒక్కతే కూతురు దీప. నర్సింగ్ చదివి, హైదరాబాదులో జర్మన్ భాష నేర్చుకుని, లైప్‌జిగ్ అనే ఊర్లో దవాఖాన ఉద్యోగం తెచ్చుకుంది. పంపాలా వద్దా అని శాంతమ్మ ఎటూ తేల్చుకోలేక నలిగిపోతుంటే వెంకటేశమే ముందుకొచ్చాడు.

"నేను జెప్తున్న గద చెల్లె, పంపు. పిల్లకు ఎట్ల బతకాల్నో నేను నేర్పిస్త," అన్నాడు. ఆ మాట నమ్మే శాంతమ్మ ఒప్పుకుంది.

దీపను కూర్చోబెట్టి ఆయన మూడు ముక్కలు చెప్పాడు.

"ఏ ఊర్లనైనా సరే బిడ్డా, డ్రైవర్లు తినే కాడ తిను. కడుపు నొస్తె వాళ్ల బండి ఆగుతది, అందుకే సూసి సూసి తింటరు. మొదటి ఐతారం సెలవని రూముల పండుకోకు. దొరికిన బస్సెక్కి ఆఖరి స్టాపు దాక పో, మల్ల అదే బస్సుల రా. ఊరంత సుట్టమైతది. ఇగ మూడోది. ఎవరన్న తినమంటె ఎగబడొద్దు. ఒకసారి వద్దను, రెండోసారి వద్దను. మూడోసారి అడిగినంకనే కూసో. మర్యాదంటె గది."

ఈ మూడోది ఆయన సొంత అనుభవం. మాడుగులపల్లి దిక్కు ఊర్లలో నైట్ హాల్ట్ బస్సు ఆగితే, ఎవరో ఒకరు వచ్చి కండక్టర్‌ను అన్నానికి పిలిచేవాళ్లు. ఈయన వద్దనేవాడు. వాళ్లు చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాళ్లు. ఆ లాగుడులో ఉన్న ప్రేమ అన్నంలో కూడా లేదని ఆయన నమ్మకం.

దీప వెళ్లింది. మొదటి వారాలన్నీ వెంకటేశానికి పండగే. ట్రాము కిటికీలోంచి తీసిన ఫోటోలు వచ్చాయి. ట్రాము డ్రైవర్లు మధ్యాహ్నం తినే టర్కీ వాళ్ల కొట్టు దొరికిందనీ, అక్కడ రొట్టెలో చుట్టిచ్చే కోడికూర బ్రహ్మాండమనీ కబురు వచ్చింది. వెంకటేశం ఆ ఫోటోలు టీ కొట్టు దగ్గర చూపించని మనిషి లేడు. ఊరి పేరు నోరు తిరగక "లైఫ్ జిగ్" అనేవాడు. ఎవరైనా సరిదిద్దితే, అక్కడి వాళ్లకే సరిగ్గా తెలియదన్నట్టు చూసేవాడు.

ఆ తర్వాత ఫోటోలు తగ్గాయి. ఒకరోజు మధ్యాహ్నం శాంతమ్మ మేడ దిగి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, పిల్ల వచ్చేస్తనంటున్నది. ఈడ నన్నెవ్వలు పట్టించుకోరు, ఒక్కదాన్నే ఉండలేనని ఏడుస్తున్నది. నెలాఖరుకు నౌకరి ఇడిసిపెడ్తదంట."

పంపమన్నది వెంకటేశమే. ఇంత చదువు, ఇంత కష్టం గంగపాలైతే ఆ తల్లి ముఖం ఎట్లా చూడాలి? అప్పటికప్పుడు ఫోన్ చేయించాడు. తెర మీద దీప బాగా చిక్కిపోయి కనిపించింది.

"ఎవ్వలు మాట్లాడతలేరా బిడ్డా? ఒక్కరన్న పిలవలేదా?"

"పిలిచిండ్రు మామా. ఊటె అని మా సీనియర్ సిస్టర్, ఐతారం మా ఇంట్ల తిందువు రా అన్నది. వద్దులెండి అన్న. సరే అని పోయింది."

"మల్ల అడగలే?"

"అడగలే. ఇంకోసారి అందరు చెరువు కాడికి పోతున్నం వస్తవా అన్నరు. వద్దన్న. సరే అని వాళ్లూ పోయిండ్రు. రెండోసారి ఎవ్వలు అడగరు. నేనంటె వాళ్లకు నచ్చలేదు, అంతే."

వెనకాల తోటకూర తుంచుతున్న ఆయన భార్య రుక్కమ్మ చెయ్యి ఆగింది. మొగుడి వైపు తిరిగి, "ఆ పిల్లకు వద్దనుడు నేర్పిందెవలయ్యా?" అంది.

వెంకటేశం ఆ సాయంత్రం టీ కొట్టుకు పోలేదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచాడు. సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క. పిల్ల అక్కడ మూడో పిలుపు కోసం ఎదురుచూస్తూ బిస్కట్లు తిని పడుకుని ఉంటుందని తలచుకుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు తనే ఫోన్ చేశాడు. "బిడ్డా, నేను జెప్పింది తప్పు. వద్దనుడు గీ ఊర్లల్ల నడుస్తది, గాడ నడవదు. ఇగ మొదటిసారి అడిగిన్నాడె వస్తనను."

"ఇప్పుడెవరు అడుగుతరు మామా? ఈ పిల్లకు ఒంటరిగ ఉండుడె ఇష్టమని వాళ్లనుకుంటున్నరు."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "అయితె నువ్వే పిలువు."

"వద్దంటరేమో?"

"అంటె మూడుసార్లు అడుగు!" అనేసి నాలుక కరుచుకున్నాడు. మనిషి అంత తొందరగా మారడు మరి.

ఆదివారం మధ్యాహ్నం దాటాక దీప నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఇంకా పొద్దున్నే. పిల్ల కేకలు పెడుతోంది.

"అత్తా! సగం మందన్న వద్దంటరని డ్యూటీల కనబడ్డోళ్లనందరిని పిలిచిన. అందరు వస్తమన్నరు! ఒక్కసారికే! నేను నలుగురికే పప్పు వండిన!"

రుక్కమ్మ కొంగు బిగించింది. "పరేషాన్ గాకు. పప్పుల నీళ్లు పొయ్యి, చింతపండు పిసుకు, చారైతది. గుడ్లున్నయా? ఉడకబెట్టు. బియ్యం మల్లొకసారి పెట్టు."

"మిర్చి తక్కువెయ్యి బిడ్డా," అంది శాంతమ్మ. "వాళ్లు తట్టుకోలేరు."

"ఎన్నింటికి రమ్మన్నవ్?" అడిగాడు వెంకటేశం.

"పన్నెండింటికి."

"అయితె ఒంటిగంటకు గద వచ్చేది. మస్తు టైమున్నది."

అక్కడ పన్నెండు కొట్టగానే దీప గది తలుపు మీద చప్పుడైంది. అందరూ ఒక్కసారే వచ్చారు. ఒకరి చేతిలో కేకు, ఒకరి చేతిలో పూలకుండీ. కుర్చీలు ఉండవేమోనని ఊటె మడతకుర్చీ తన వెంటే తెచ్చుకుంది. దీప ఫోన్‌ను అలమారకు ఆనించి వదిలేసింది. ఇక్కడ ముగ్గురూ తెర ముందు నుంచి కదల్లేదు. అక్కడ మంచం మీద కొందరు, నేల మీద కొందరు, పళ్లేలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. చారు తాగిన ఒకాయన ముక్కు ఎర్రబడింది. అయినా మళ్లీ పోయించుకున్నాడు. దీప నవ్వుతూ అటూ ఇటూ తిరుగుతోంది. ఆ నవ్వు చూసి వెంకటేశానికి ప్రాణం లేచి వచ్చింది.

దీప గరిటె పట్టుకుని ఊటె దగ్గరికి వచ్చింది. ఊటె చెయ్యి అడ్డం పెట్టి వద్దంది. దీప సరేనని పక్కకు జరిగింది.

వెంకటేశం ఉండబట్టలేకపోయాడు. "అదేంది! మల్ల అడుగు బిడ్డా! వద్దన్నా వెయ్యి!"

దీప అలమార వైపు తిరిగింది. "గట్ల వెయ్యొద్దు మామా. మా కాడ వద్దంటె వద్దే!" అని నవ్వి, గరిటెతో పక్కాయన దగ్గరికి పోయింది.

శాంతమ్మ వెంకటేశం చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్లు నిండిపోయాయి.

"ఇన్నవా అన్నా? 'మా కాడ' అన్నది."