గడియ పెట్టని తలుపు

అమ్మ ఉద్యోగమంతా ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగానే గడిచింది. మా తెలుగు చర్చిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదటి ఫోను ఆమెకే వచ్చేది. ఎదుటివాళ్ల విరేచనాల గురించి అన్నం తింటూ కూడా మామూలుగా మాట్లాడేది. తన విషయానికి వచ్చేసరికి మాత్రం నోరు విప్పలేదు.

పోయిన చలికాలం మా ఘాజియాబాద్ ఫ్లాట్‌లో మంచం దిగబోతూ కూలబడింది. వెన్నుపూస ఒకటి చితికింది. ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి, విశ్రాంతి తీసుకోమన్నారు, నొప్పికి గట్టి మాత్రలు రాశారు. ఎనభై దాటిన మనిషి. గుండె కూడా బలహీనం. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ముఖర్జీ నగర్‌లో కోచింగ్ పాఠాలు చెప్పే నేను ఆమె కోలుకునేదాకా ఇంటినుంచే ఆన్‌లైన్‌లో చెప్పేలా మాట్లాడుకున్నాను.

బాత్రూముకు వెళ్లాలంటే నన్ను పిలవాలి, నేను పట్టుకుని నడిపించాలి. అది ఇష్టంలేక ఆమె నీళ్లు తగ్గించేసింది. పెట్టిన గ్లాసు పెట్టినట్టే ఉండేది. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. నొప్పివల్ల కాబోలు అనుకున్నాను.

ఒక ఉదయం దుప్పటి తడిసి ఉంది. పలచటి విరేచనం. మార్చిన కాసేపటికే మళ్లీ అయింది. కిందికి వెళ్లి మందుల షాపులో చెప్పాను. అతను మాత్రల అట్ట ఒకటి తీసి, “యే దే దో భయ్యా, బంద్ హో జాయేగా” అన్నాడు, ఇది వేస్తే ఆగిపోతుందని. తెచ్చి, నీళ్లతో పాటు అమ్మకు అందించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని పేరు చదివి, అట్టను పక్కన పెట్టేసింది.

“ఇవి విరేచనాలు కావురా. పొట్టమీద చెయ్యి పెట్టి చూడు. ఎడంపక్క, కింద.”

పెట్టాను. గట్టిగా, ముద్దకట్టినట్టు తగిలింది.

“లోపల బిగుసుకుపోయింది. దాని పక్కనించి నీళ్లు కారుతున్నాయి. ఇప్పుడు ఈ మాత్ర వేస్తే ఉన్నది కూడా ఆగిపోద్ది.”

“సరిగ్గా వెళ్లి ఎన్నాళ్లయింది?”

ఆమె గోడవైపు చూసింది. “వారం దాటింది.”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“కొడుక్కి ఏం చెప్పను?”

ఆముదం తెమ్మంటావా అని అడిగాను, ఎనిమా తెచ్చి ఇంట్లోనే ఇవ్వవచ్చేమో అని కూడా. రెండూ వద్దంది. డాక్టరు చేత్తో చూడకుండా ఏదీ చెయ్యకూడదంది. అప్పటికే వాంతి వచ్చేలా ఉందని కూడా అప్పుడే చెప్పింది. టాక్సీ పిలిచాను.

దగ్గరలోని నర్సింగ్ హోమ్‌లో ఒక లేడీ డాక్టరు చూసింది. ఎక్స్-రే తీయించి, పేగు పూర్తిగా మూసుకుపోలేదని తేల్చుకున్నాక, గట్టిపడినదాన్ని తీయడానికి లోపలికి తీసుకెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. చక్రాల కుర్చీలో బయటికి వచ్చినప్పుడు అమ్మ ముఖం పాలిపోయి ఉంది. “ఆ నర్సు పిల్ల చెయ్యి మంచిది” అంది.

ఆ నొప్పి మాత్రలే సగం కారణమని డాక్టరు చెప్పింది. వాటిని తగ్గించి, రోజూ తాగడానికి మలాన్ని మెత్తబరిచే సిరప్ రాసింది. నీళ్లు తక్కువ తాగే మనిషికి ఇసబ్‌గోల్ ఇవ్వొద్దంది, అది లోపలే గట్టిపడుతుందట. గుండె సంగతి చూసి ఎన్ని నీళ్లు తాగవచ్చో చెప్పింది. పొట్ట ఉబ్బినా, వాంతులైనా, రక్తం కనబడినా ఆగకుండా తీసుకురమ్మంది. ముక్కకూడదు, బాత్రూము తలుపు గడియ పెట్టకూడదు అని చివర్లో చెప్పింది.

అన్నిటికీ తల ఊపిన అమ్మ గడియ దగ్గర అడ్డం తిరిగింది. కళ్లు తిరిగి పడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని నేనన్నాను. ఆమెకు తెలియక కాదు. వార్డులో ఎంతమందికి ఆ మాట చెప్పి ఉంటుందో. రెండ్రోజులు ఇద్దరం పట్టు వదల్లేదు. ఆ తర్వాత తనే ఒక దారి చెప్పింది.

“నేను లోపల పాట పాడుకుంటాను. పాట వినబడుతున్నంతసేపు నువ్వు హాల్లోనే ఉండు.”

అప్పట్నుంచి పొద్దున టిఫిను, టీ అయ్యాక కమోడ్ మీద కూర్చోబెట్టి, కాళ్ల కింద చిన్న ప్లాస్టిక్ పీట వేసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తాను. లోపలినుంచి చర్చి పాట సన్నగా వినబడుతుంది. చరణాల మధ్య ఎక్కువసేపు ఆగితే “అమ్మా” అంటాను. “ఉన్నాలే” అంటుంది.

నడుము నొప్పి చాలావరకు తగ్గింది. గోడ పట్టుకుని తనే నడుస్తోంది, కంచంలో పెట్టింది తింటోంది. కొన్ని రోజులు విరేచనం అవదు. అలాంటప్పుడు డాక్టరు చెప్పిన మేరకు సిరప్ కాస్త పెంచుతాం. ఆమెను అడగడం నాకూ అలవాటైంది. పాలు వచ్చాయా అన్నట్టే అడుగుతాను.

“ఇవాళ అయిందా?”

“అయింది. టీ పెట్టు.”