ఉత్తరాల డబ్బా దాకా

చివరి రోజున కూడా రాయ్స్ గుట్ట కింద రోడ్డు పక్కనున్న డబ్బా నుంచి ఉత్తరాలు తెచ్చాడు. ఒక విత్తనాల కేటలాగు, ఒక విచారణ నోటీసు. ఎప్పటిలాగే వంటింటి బల్ల మీద ఉప్పుడబ్బా కింద పెట్టాడు. మూడున్నరకి నేను పని నుంచి వచ్చేసరికి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మార్చి పన్నెండున పిలిచారు నెల్డా. ఈసారైనా ఆ జడ్జి నా మొహం చూస్తాడేమో."

"నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెడతాలే."

"మరీ నీటుగా వద్దు. పెళ్ళికొడుకులా వెళ్తే, వీడు సుబ్బరంగా పని చేసుకోగలడంటాడు."

మర్నాడు తెల్లవారేసరికి ఊపిరి ఆగిపోయింది.

రాయ్స్ ఇరవై రెండేళ్ళు బొగ్గుగనిలో పైకప్పుకి ఇనుప బోల్టులు బిగించాడు. ఒకరోజు ఆ కప్పే పెళ్ళ ఊడి నడుం మీద పడింది. బొగ్గుదుమ్ముకి ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ఏ పనీ చెయ్యలేనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే వైకల్య భత్యం కోసం సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో దరఖాస్తు పెడితే, ఇంట్లో ఏం చేస్తాడో భార్యని రాయమని ఒక ఫారం పంపారు.

చదువుకునే రోజుల్లో వ్యాసాలకి నాకు బహుమతులు వచ్చేవి. ఆ ఫారం కూడా అలాగే రాశాను. "వానైనా ఎండైనా, ఎవరి సాయమూ లేకుండా, రోజూ గుట్ట దిగి ఉత్తరాలు తెస్తాడు." రాయ్స్ నా భుజం మీదుగా చూసి, "అది ఉంచు. మంచాన పడ్డానని ఊరంతా అనుకోనక్కర్లేదు," అన్నాడు.

రెండుసార్లు కాదన్నారు. మూడోసారి విచారణ జరిపిన జడ్జి కూడా కాదన్నాడు. ఆయన తీర్పు ఆరో పేజీలో నా వాక్యం ఉంది, ఒక్క మాట కూడా పోకుండా.

వకీలు స్పర్‌లాక్ అప్పీలుతో పై కోర్టుకి వెళ్ళాడు. ఏడాదిన్నర తర్వాత ఫోన్ చేశాడు.

"గెలిచామా?" అన్నాను.

"గెలవలేదమ్మా, ఓడలేదు కూడా. నడుస్తాడని తెలిస్తే చాలదు, ఎంతసేపు నడుస్తాడో, ఎన్నిసార్లు ఆగుతాడో అడగాల్సింది కదా అని కేసు మళ్ళీ ఆ జడ్జికే పంపారు."

రాయ్స్ పోయాక ఆ కేసు భార్యగా నాకు వచ్చింది. మార్చి పన్నెండున అదే గదిలో అదే జడ్జి ముందు కూర్చున్నాను. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. చూసినదే చెప్పమని స్పర్‌లాక్ ముందే చెప్పాడు. చిక్కల్లా నేను చూడకపోవడమే. వారమంతా వృద్ధాశ్రమం వంటగదిలో ఉంటాను. శనివారం బజారు నుంచి వస్తూ నేనే ఉత్తరాలు తెచ్చేదాన్ని. మిగతా రోజుల్లో కూడా తెస్తానంటే, "ఆ ఒక్క పనీ నాది," అనేవాడు. నా కారు వెనకవైపు మట్టిరోడ్డు మీదుగా వస్తుంది. ఆయన దిగే కాలిబాటలో నేను అడుగుపెట్టి ఏళ్ళయింది.

"డబ్బా దగ్గర్నుంచి ఇంటికి రావడానికి ఆయనకి ఎంతసేపు పట్టేదమ్మా?" జడ్జి మెల్లగానే అడిగాడు.

స్పర్‌లాక్ పెన్సిల్ ఆగింది. అబద్ధం నోటికి రాలేదు. నిజమేమో తెలియదు. నా కాళ్ళతో కొలిచి చెప్పాను.

"పది నిమిషాలు. మహా అయితే పావుగంట."

జూన్‌లో కాదనే తీర్పు వచ్చింది. ఈసారి నాలుగో పేజీలోనే ఉంది నా పావుగంట. మళ్ళీ అప్పీలు చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. గడువులన్నీ దాటిపోయాయి.

అక్టోబర్‌లో ఒకరోజు డబ్బా దగ్గర నిలబడి ఉంటే, ఉత్తరాలు పంచే ట్విలా జీపు ఆపింది.

"రాయ్స్ పలకరింపుగా చెయ్యెత్తకుండా ఈ లోయ దిగడం ఇంకా అలవాటు కాలేదు నెల్డా అక్కా."

"ఎక్కడ ఎత్తేవాడు?"

"ఒంటిగంటకి ఇక్కడ నా చేతి నుంచే ఉత్తరాలు అందుకునేవాడు. నేను లోయ చివరిదాకా ఇళ్ళన్నీ తిరిగి రెండుంపావుకి దిగేసరికి, అదిగో, ఇంకా ఆ మూడో బకెట్ మీదే కూర్చుని ఉండేవాడు. 'అక్కకి చెప్పకే, అన్నింటికీ భయపడి చస్తుంది' అనేవాడు."

కాలిబాట ఎక్కాను. పిచ్చిమొక్కల మధ్య బోర్లించిన పెయింటు బకెట్లు మూడున్నాయి. మూడోదాని నుంచి మా గుమ్మానికి ఇంకా నలభై అడుగులుంది.