టీ దొరకని క్రిస్మస్

మీ ఇంట్లో పనిచేసే మనిషికి ఆమె పండుగ నాడు సెలవిస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఒకప్పుడు నేనూ తొందరపడేవాణ్ణి. సమానత్వం మీద కాలేజీ డిబేట్లలో గెలిచిన కప్పులు మేడ్చల్ దగ్గర గౌడవెల్లిలోని మా ఇంట్లో ఒక అల్మారా నిండా ఉండేవి మరి.

వాటి పుణ్యమా అని ఒక డిసెంబరులో పోటీకి ఇంగ్లండ్ వెళ్లి, క్రిస్మస్ దాకా అక్కడి హాస్టల్లోనే ఉండిపోయాను. పండుగ ఉదయం టీ కోసం బయలుదేరాను. మేడ్చల్ బస్టాండు దగ్గర ఏ పండుగకైనా టీ దొరుకుతుంది గనుక లోకమంతా అంతేననుకున్నాను. గంటసేపు నడిచినా ఒక్క దుకాణం తెరిచి లేదు, బస్సులూ లేవు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయనను ఆపి, ఇంత గొప్ప దేశంలో అతిథికి కప్పు టీ కూడా దొరకదా అని నిలదీశాను.

"టీ అమ్మేవాళ్లకూ ఇవాళ పండుగే కదా," అన్నాడాయన.

గదికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం దాటింది. ఫోనెత్తింది మా ఇంట్లో పనిచేసే అవ్వ. ఆమెది క్రైస్తవ కుటుంబం. నేను బయలుదేరే ముందు మా అమ్మను నా ఎదుటే అడిగింది: "మా మనుమరాలు చర్చిల పాట పాడుతది పటేలమ్మా, క్రిస్మస్ పొద్దుగాల ఒక్క పూట ఇడువుండ్రి." అమ్మ "సూద్దాం తీ" అన్నది. నేను సూట్‌కేసు సర్దుకుంటూ ఉండిపోయాను.

"పాట విన్నవా అవ్వా?"

"ఏడ వింటి చిన్న పటేలా! మీ నాయిన క్రిస్మస్ దావత్ వెట్టిండు. బోళ్లు గుట్టోలె పడ్డయి. కేకు మస్తుగుందంట గని, పళ్లాలకు అంటింది వదుల్తలేదు."

సర్పంచ్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. క్రైస్తవ సోదర సోదరీమణులకు శుభాకాంక్షలంటూ మేడ్చల్ చౌరస్తాలో నాయిన బ్యానర్ కట్టించాడు. అందులో నక్షత్రం కన్నా ఆయన మీసమే పెద్దది. ఆ సోదరీమణుల్లో ఒకరు మా పెరట్లోనే పళ్లాలు తోముతున్నారు.

అమ్మను పిలిపించి, అవ్వను చర్చికి ఎందుకు పంపలేదని అడిగాను.

"అంత దూరంకెల్లి మస్తు చెప్తవు రా. గీ బోళ్లన్నీ నువ్వొచ్చి తోముతవా?"

డిబేటులో ప్రశ్నను దాటవేయకూడదు. మరుసటి క్రిస్మస్‌కు అవ్వను రావద్దని ముందురోజే చెప్పి, బోళ్ల ముందు నేనే కూర్చున్నాను. నాయిన పేపరు దించి చూశాడు. "గిందుకేనా నిన్ను ఇంగ్లండు తోలింది?" నేను తోమినవన్నీ అమ్మ మళ్లీ తోముకున్నది.

మర్నాడు అవ్వ వచ్చింది. "ఆగమాగమైంది పటేలా! పోరి నడుమల పాట మర్చిపాయె. నేనే కూసున్నకాడికెల్లి అందుకున్న. ఇద్దరం కలిసి పాడినం."

మీ ఇంట్లో పనిచేసే మనిషి పండుగ ఏదో తెలియకపోతే ఇవాళే అడగండి. ఆ రోజు రావద్దని ముందుగానే చెప్పండి. జీతం కోయకండి. బోళ్లు మీరే తోముకోండి.