నీడ కాళ్ల కిందికి చేరే వేళ

మా అక్క కూతురు ఆ వానాకాలమంతా ఒకే బొమ్మల సినిమాను మళ్లీ మళ్లీ చూసిందన్నది నిజం. అది నా కళ్లతో చూశాను. తరగతిలోని ఆడపిల్లలు ఫోనులో కొత్త గ్రూపు పెట్టుకుని తనను మాత్రం చేర్చుకోలేదన్నదీ నిజమే. ఎవరూ ఏమీ రాయని పాత గ్రూపును తనే నాకు చూపించింది. అలా ఎందుకు చేశారన్నది మాత్రం విన్న మాట. ఎవరో బడికి ఫోను తెచ్చిన సంగతి టీచరుకు చేరిందట, చేరవేసింది రంగత్ నుంచి కొత్తగా వచ్చిన మా పిల్లేనట. ఈ రెండు 'అట'లనూ నేను ఎవరి దగ్గరా రుజువు చేసుకోలేకపోయాను. ఇక ఆ సినిమాయే పిల్లను నిలబెట్టిందని మా అక్క ఇప్పటికీ చెబుతుంటుంది. అది తెలిసిన మాటా కాదు, విన్న మాటా కాదు. అలా జరిగి ఉండాలని అక్క కోరుకున్న మాట.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో తాగునీరు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఏ కుళాయి నుంచి పట్టారో సీసా మీద రాసి లేకపోతే, అందులోని నీళ్లు ఎంత తేటగా ఉన్నా వాటి గురించి నోరు విప్పను. ఇంటికి వచ్చాక కూడా ఆ అలవాటు వదలదు. డైరీ ఫార్మ్ అనే పేటలో మేడమీద రెండు గదుల ఇల్లు నాది. అక్కా బావా ఉత్తరాన ఇంకో దీవిలో, రంగత్ బజారులో బట్టల కొట్టు నడుపుతారు. సముద్రంలో బతికే ప్రాణుల గురించి చదవాలని పిల్లకు చిన్నప్పటినుంచీ ఆశ. అందుకు తగిన కోచింగ్ ఇక్కడే దొరుకుతుందని పదకొండో తరగతికి నా దగ్గరకు పంపారు.

వచ్చిన మొదట్లో ఇల్లంతా దాని మాటలే. వానలు ముదిరేసరికి ఆ మాటలు తగ్గుతూ వచ్చాయి. టిఫిన్ డబ్బా సగం నిండుగానే తిరిగి వచ్చేది. ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ, ఎంతో మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"పిన్నీ, నేను రంగత్ వెళ్లిపోతా. అక్కడే ఏదో ఒకటి చదువుకుంటా."

ఆ 'ఏదో ఒకటి' నన్ను భయపెట్టింది. అక్కకు ఫోన్ చేశాను. ఆగస్టు చివర్లో తనే వస్తానని, పిల్ల అప్పటికీ అదే మాట మీద ఉంటే బడి నుంచి టీసీ తీసుకుని వెంటబెట్టుకు వెళ్తానని అక్క చెప్పింది.

ఆ రోజుల్లోనే ఆ సినిమా మా ఇంట్లోకి వచ్చింది. వాన పట్టినప్పుడు కరెంటు పోయేది, దాంతోపాటే నెట్టూ పోయేది. నా ల్యాప్‌టాప్‌లో దాచి ఉంచిన ఆ ఒక్క సినిమానే, బ్యాటరీ ఉన్నంతసేపూ, చీకటి గదిలో చూసేవాళ్లం. మాటలు హిందీలో ఉండేవి. కథ మంచు కమ్మిన ఒక కొండ ఊరిది. ఆ ఊళ్లో ప్రతి మనిషికీ తన ఆకారపు నీడే ఉంటుంది, ఒక్క అమ్మాయికి తప్ప. ఆమె నీడ జింక. అమ్మాయి నిలబడినా ఆ నీడ నిలబడదు. గోడల మీద బెదురుతుంది, చప్పుడైతే ఆమెకన్నా ముందు పరుగెత్తుతుంది. ఊరి పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. అందుకని ఆమె మిట్టమధ్యాహ్నం మాత్రమే బయటికి వస్తుంది. ఆ వేళ జింక ఆమె పాదాల కింద ముడుచుకుని నిద్రపోతుంది. ఖాళీ వీధుల్లో, తెల్లటి ఎండలో, ఆమె ఒక్కతే పాడుకుంటూ నడుస్తుంది.

బయట రేకుల మీద వాన, తెర మీద ఎండ. తెర వెలుగులో పిల్ల ముఖం నీటి అడుగున ఉన్నట్టు కనిపించేది. నిద్రలో నడుస్తున్న మనిషి పక్కన కూర్చున్నట్టుండేది నాకు. అయినా నా బుద్ధి ఊరుకోలేదు. మంచు పడే దేశాల్లో సూర్యుడు నడినెత్తికి రాడని, మధ్యాహ్నం కూడా నీడ పొడవుగానే ఉంటుందని చెప్పాను.

అది తెర మీంచి చూపు తిప్పకుండానే అంది.

"జింక మీద నీకు డౌట్ రాలేదు గానీ, సూర్యుడి మీద వచ్చిందా పిన్నీ?"

చాలా రోజుల తరువాత ఇంట్లో నవ్వు వినబడింది.

నేను గమనించింది ఇంకొకటి ఉంది. చివరి భాగం మొదలుకాగానే అది సినిమా ఆపేసేది. బ్యాటరీ ఉన్నా సరే. ఎందుకని అడిగాను.

"ఆఖర్లో ఊరంతా వచ్చి సారీ చెబుతారు. ఐసా హోతా నహీ, పిన్నీ."

అలా జరగదట. జింక నీడను నమ్మిన పిల్ల క్షమాపణను నమ్మలేదు. నాకు అది తప్పుగా తోచలేదు. తన చేతిలో రుజువు ఉన్నంతవరకే కథను ఒప్పుకుంది. తనలో ఏదో ఒకటి తన మాట వినకుండా నలుగురికీ కనబడిపోతోందన్న భయం, అది కనబడని వేళ కోసం వెతుక్కోవడం, ఇవి దానికి తెలిసినవే. బడిలో తిండివేళ ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న కట్టుబాటు ఏ రాజసభలోని కట్టుబాటుకూ తీసిపోదు. పెద్దవాళ్లం దాన్ని చిన్నపిల్లల తగాదా అంటాం. ఇలాంటి కథలు మాత్రం దాన్ని రాజ్యం పోయినంత పెద్ద విషయంగానే చెబుతాయి. ఆ వయసువాళ్లు వాటి వైపు తిరగడానికి ఇదే కారణం కావచ్చని నా ఊహ. ఊహేనని మరోసారి చెబుతున్నాను.

ఆగస్టులో ఒకరోజు అది వచ్చి చెప్పిన సంగతి నన్ను నిలబెట్టేసింది. రీసెస్‌లో, అంటే తిండివేళ, అది వాలీబాల్ కోర్టు పక్కన ఒంటరిగా కూర్చునేదట. సినిమా మనసులో ఉండటం వల్లనో ఏమో, ఎండ కాసిన రోజుల్లో తన నీడను చూసుకుంటూ ఉండేదట. నీడ అన్నిటికన్నా చిన్నదయ్యేది పన్నెండింటికి కాదట, అంతకు బాగా ముందే, రీసెస్‌లోనేనట.

లెక్క వేసి చూశాను. అది చెప్పింది నిజం. మేము పెట్టుకునే గడియారం మెయిన్‌ల్యాండ్‌ది. సూర్యుడు వాళ్లకన్నా చాలా ముందు మా దగ్గరికి వస్తాడు. ఇక్కడ చీకట్లు త్వరగా పడతాయని దీవుల్లో విసుక్కోని మనిషి లేడు. అయినా మధ్యాహ్నం అనగానే మా అందరికీ పన్నెండే. తెల్లవారుజామునూ సాయంత్రాన్నీ సూర్యుణ్ణి చూసి సరిచేసుకుంటాం. మధ్యాహ్నాన్ని మాత్రం చేతి గడియారానికి వదిలేశాం. నేనూ అంతవరకు ఆ లెక్క వేసి చూడలేదు.

అదే వారంలో బడిలో ఒక ప్రకటన చేశారు. సూర్యుడు సరిగ్గా మా నెత్తిమీదుగా వెళ్లే రోజు వస్తోంది, నిలువుగా పెట్టిన వస్తువుకు ఆ మధ్యాహ్నం నీడే ఉండదు, అందరూ పన్నెండింటికి సీసాలతో ఆవరణలోకి రావాలి అని. పిల్ల ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది. పన్నెండు సరైన వేళ కాదని టీచరుకు చెప్పేయమన్నాను. నిజం నిజమే కదా అన్నాను.

"మళ్లీ టీచర్ దగ్గరికెళ్లి నేనే చెప్పాలా? నువ్వు ల్యాబ్‌లో చెబుతావు పిన్నీ. అక్కడ సీసాలు నిన్ను చూసి నవ్వవు."

నేనే ఫోన్ చేస్తానంటే వద్దని చేయి పట్టుకుంది. ఊరుకున్నాను.

ఆ రోజు బడిలో జరిగింది నేను చూడలేదు. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పొద్దున వాన కురిసి, రీసెస్ వేళకు మబ్బు విచ్చుకుందట. అది తన స్టీలు సీసాను కోర్టు సిమెంటు మీద నిలబెట్టి పక్కన కూర్చుందట. ఎవరినీ పిలవలేదట. కొత్త గ్రూపు పెట్టిన అమ్మాయే అటుగా పోతూ, ఏం చేస్తున్నావని అడిగిందట. ఇది తల ఎత్తకుండా జవాబిచ్చిందట.

"అభీ దేఖో. బారా బజే నహీ మిలేగా."

ఇప్పుడే చూడాలని, పన్నెండింటికి దొరకదని. ఆ అమ్మాయి ఆగిందట. ఆమె వెనక మరో ఇద్దరు ఆగారట. సీసా కింద నీడ సన్నని అంచై, ఆ అంచూ పోయి, సీసా నేల మీద కాక గాలిలో ఉన్నట్టు కనిపించిందట. వాళ్లు తమ కాళ్లవైపు చూసుకున్నారట. కాసేపు ఎవరి నీడా ఎక్కడికీ చాచుకోలేదట.

పన్నెండింటికి బడంతా బయటికి వచ్చేసరికి నీడలు తూర్పుకు జారిపోయి ఉన్నాయట. సీసాలు సరిగ్గా నిలబెట్టలేదేమోనని టీచరు అంటుంటే, గ్రూపు పెట్టిన అమ్మాయే ముందుకు వచ్చి, అది అయిపోయింది మేడమ్, మేం చూశాం అని చెప్పిందట. 'మేం' అన్న ఆ మాటను పిల్ల నాకు రెండుసార్లు చెప్పింది. తరువాత మిడిల్ పాయింట్ పేటలో కూరగాయల కొట్టు దగ్గర ఆ టీచరు కలిస్తే, మాటల్లో మాటగా అడిగాను. కొందరు పిల్లలు ముందే చూశారట, వచ్చే ఏడు మేమూ ముందే వస్తాం అన్నారు. నాకు దొరికిన సాక్ష్యం అంతే.

ఆ వారాంతంలోనే అక్క వచ్చింది. అడవి దారి, పడవ రేవు దాటి, ఒక చేతిలో ఎండుచేపల పొట్లం, మరో చేతిలో పిల్ల బట్టల కోసం ఖాళీ సంచితో మెట్లెక్కింది. చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఏమే, సామాను సర్దుకున్నావా?"

"లేదమ్మా. పరీక్షల దాకా ఉంటా. తర్వాత చూద్దాం."

"ఇంత దూరం నన్ను రప్పించి ఇప్పుడా చెప్పడం?"

"చేపలు తెచ్చావుగా. వండిపెట్టి వెళ్లు."

అక్క నా వైపు చూసింది. నేను చేసిందేమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. పిల్ల వంటగదిలోకి వెళ్లాక, కొత్త గ్రూపులో చేర్చుకున్నారా అని మెల్లగా అడిగాను. లేదంది. ఆ మాట బాధగా చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. ఉల్లిపాయలు ఎక్కడున్నాయని అడిగింది.

పరీక్షల దాకా అన్నది ఆ తరువాతి ఏడాది దాకా అయింది. ఇప్పుడు అది ఇక్కడే కాలేజీలో, తాను కోరుకున్న చదువే చదువుతోంది.

చేర్చుకోని చోటే ఉండిపోవాలని ఆ పిల్ల ఎందుకు నిర్ణయించుకుంది? నాకు తెలియదు. సినిమా, ఆ మధ్యాహ్నం, ఒక అమ్మాయి నోట వచ్చిన 'మేం', తల్లి వస్తోందన్న ధైర్యం, అన్నీ ఒకే వారంలో వచ్చి కలిశాయి. వాటిలో ఒకదాన్ని తీసేసి ఆ వారాన్ని మళ్లీ నడిపి చూసే వీలు ఏ ప్రయోగశాలలోనూ లేదు. అప్పుడే అడిగి ఉండవచ్చు. అడిగితే, ఇంకా పచ్చిగా ఉన్న ఆ నిర్ణయం చెదిరిపోతుందేమోనని ఊరుకున్నాను. ఈ మధ్య ఒకసారి అడిగితే, గుర్తులేదు పిన్నీ అంది. ఏదైనా గుర్తు చేసుకుని చెప్పినా, అది ఇప్పటి మనిషి ఇచ్చే జవాబు అవుతుంది. ఆ వానాకాలపు పిల్లను అడగడానికి ఇప్పుడు నాకు దారి లేదు.