మూడు దెబ్బల నాట్యంలో నాలుగో దెబ్బ

ప్రొద్దుటూరు పెళ్లి ఊరేగింపుల్లో ముప్పై ఏళ్లు డ్రమ్ము వాయించిన మా కమాల్ బాషాకు తాళం రాదని మొన్న తేలింది. తేల్చినవాడికి పాతికేళ్లుంటాయి.

డీజే పెట్టెలు వచ్చాక మా బ్యాండును పిలిచే దిక్కు లేదు. ఆయన డ్రమ్ము మీద భార్య జానీబీ దుప్పట్లు సర్దుకుంది, నా తాళాలు అటకెక్కాయి. అట్లాంటప్పుడు జమ్మలమడుగు రైతు ఆదినారాయణ కూతురు వర్షితకు, రిసెప్షన్లో పెళ్లికొడుకుతో వాల్ట్జ్ ఆడాలని బుద్ధి పుట్టింది. జంటగా గుండ్రంగా తిరిగే దొరల నాట్యం. అదీ ఎదురుగా డ్రమ్ము మోగాలట. మనవాళ్ల సరదాలకేం తక్కువ! బాషాకు ప్రాణం లేచొచ్చింది. ఇది కుదిరితే మళ్లీ పెళ్లిళ్లకు పిలుస్తారు, చెడితే డ్రమ్ము దుప్పట్లకే.

వాల్ట్జ్‌కు మూడే దెబ్బలు. మొదటిది గట్టిగా, తక్కిన రెండూ మెత్తగా: దం, త, త. మా వాయిద్యం నడకది. రెండు కాళ్ల నడకలో మూడు ఇమడదు. బాషా నెల రోజులు కుర్చీకి అతుక్కుపోయి సాధించాడు. ఆ మోత భరించలేక జానీబీ పుట్టింటికి పోతానంది.

రిసెప్షన్లో బ్రహ్మాండంగా వాయించాడు. ఒక్కటే చిక్కు. ఊరేగింపు సందు మలుపు తిరిగేటప్పుడు, వెనకవాళ్లకు తెలియడానికి ఒక దెబ్బ ఎక్కువ వేస్తాం. జంట ఇటు మళ్లినప్పుడల్లా ఆయన చెయ్యి ఆగలేదు, నాలుగోది పడింది. వర్షిత రెండుసార్లు తడబడి, ఆపైన అక్కడ చిన్న గెంతు వేసి సర్దుకుంది. జనం ఈలలు వేశారు. డీజే మహేష్ అంతా రికార్డు చేసుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి రిసెప్షన్లోనూ అదే వాయిద్యం, డీజే పెట్టెలోంచి. బాషాను పిలిచినవాడు లేడు. నాకు కడుపు మండిపోయింది. ఆయన మాత్రం నా చెయ్యే కదప్పా అని సంబరపడ్డాడు.

మొన్న పులివెందులలో బంధువుల పెళ్లికి ఇద్దరం భోజనానికి పోయాం. అక్కడ డ్యాన్సు మాస్టరు సుధీర్ కొత్తజంటకు ఆఖరిసారి చెప్తున్నాడు: మూడడుగులు, మూడడుగులు, మలుపులో గెంతు. బాషా ఉండబట్టలేక దగ్గరికి పోయాడు.

"ఆ నాలుగోది తప్పప్పా. తీసెయ్, ఆ పాప పడిపోతాది."

సుధీర్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "అసలు అందమే ఆడ ఉండాది మామా. నీకు తాళం తెలీదు, పోయి బువ్వ తిను."

బాషా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాట్యం మొదలైంది. జంట మలుపు తిరిగింది. విస్తరి పక్కన ఆయన వేలు మూడు దెబ్బలు వేసి ఆగింది. పెట్టెలో ఉన్న ఆయన చెయ్యి నాలుగోది వేసింది.