అవ్వ చూసిన నీలం

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరాయంటే చాలు, పాలపండ్ల కోసం చిట్టడవిలోకి పరిగెత్తేవాళ్లం.

బోగోలు దాటి సముద్రం వైపు పోతే మా పల్లె. పల్లెకీ అలలకీ మధ్య ఇసుక దిబ్బలు... వాటి మీద పాల చెట్లు, నేరేడు చెట్లు, దారి ఇవ్వని ముళ్లపొదలు. బయట ఇసుక కాళ్లు కాల్చేస్తుంటే, లోపల నీళ్లకుండ పక్కన కూర్చున్నంత చల్లగా ఉండేది.

ఎండు పుల్లల కోసం మా అవ్వ కూడా వచ్చేది. నాన్నను కన్న తల్లి. నేను పుట్టేనాటికే ఆమె రెండు కళ్లలోనూ పొరలు... మనుషులను గొంతుతో, దారిని కాళ్లతో గుర్తుపట్టేది.

ఒక ముసలి పాల చెట్టు కింద మాత్రం ఆగి, తల పైకెత్తి వాసన పీల్చేది. అక్కడ కొమ్మను కరుచుకుని ఒక బదనిక మొక్క ఉండేది. తెల్లటి లావుపాటి వేళ్లు గాలిలో వేలాడేవి. దానికి మట్టి అక్కర్లేదనీ, సముద్రపు గాలిలో తేమ తాగి బతుకుతుందనీ అవ్వ చెప్పేది. బురద రంగు పువ్వే గానీ వాసన దేవుడిచ్చాడు అనేది. మేమూ అట్లాగే అనుకున్నాం... పండ్లు లేని కొమ్మను చూసే తీరిక పిల్లలకెక్కడిది?

కంటి ఆపరేషన్ అంటే అవ్వకు హడలు. ఉన్న కాస్త వెలుతురూ పోతుందని ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. ఒకరోజు పొయ్యి దగ్గర ఆమె కొంగు అంటుకుంది. అమ్మ చూసి ఆర్పబట్టి సరిపోయింది. ఇక నాన్న ఏమీ వినకుండా నెల్లూరు తీసుకెళ్లి, ఒక కంటికి చేయించాడు.

నల్లద్దాలతో తిరిగొచ్చింది. కట్టు, చుక్కల మందు, పథ్యం అన్నీ అయ్యాక... ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ నా చెయ్యి పట్టుకుని దిబ్బల వైపు తిరిగింది. పాల చెట్టు కిందికి వచ్చాక అద్దాలు తీసింది.

ఆ రోజే నేనూ నిజంగా చూశాను... పసుపుపచ్చ రేకుల మీద, వల అల్లినట్టు గోధుమరంగు గీతలు. వాటి నడుమ చిన్న నాలుకలాంటి రేకు... నీలం. రోజూ చూసే సముద్రంలో కూడా నాకు కనబడని నీలం.

అవ్వ ఒక్కో రేకునూ తేరిపార చూసింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"ఏమే... ఇది ఇన్నేళ్లూ ఇట్లానే ఉండిందా?"

అవునన్నాను.

"ఎవురూ చెప్పలేదే నాకు..."

కోసి ఇవ్వనా అన్నాను. వద్దంది. నా గడ్డం పట్టుకుని, ముఖాన్ని వెలుతురులోకి తిప్పింది. పువ్వును చూసినంత సేపూ నన్ను చూసింది...

"నీకు మీ తాత ముక్కే వచ్చిందే" అంది.

ఇప్పుడా దిబ్బలు చదునైపోయాయి... సగం రొయ్యల గుంటలు, సగం సరుగుడు తోటలు. పాల చెట్టు ఎప్పుడు పడిందో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. అవ్వ పోయి కూడా చాలా ఏళ్లయింది. అది అడవి ఆర్కిడ్ అనీ, మా వైపు అరుదైపోయిందనీ పెద్దయ్యాకే తెలిసింది నాకు.

మా పల్లె నుంచి శ్రీహరికోట దాకా... ఈ తీరంలో మీరెవరైనా చూశారా? ఎక్కడో మాత్రం చెప్పొద్దు, పీక్కుపోయేవాళ్లుంటారు. ఇంకా ఉందని ఒక్క మాట చెప్పండి... చాలు.